మండని మందు

ఆంగీరస నామ సంవత్సర ఆషాఢ మాసంలో, అనగా 1872వ సంవత్సరం జూలై పదిహేనవ తేదీ సోమవారం నాడు, శ్రీ పల్లంరాజు గారు మన ధర్మాసుపత్రిలో వార్డు నౌకరుగా ఉద్యోగ ప్రవేశం చేశారు. ఆషాఢంలో కొత్త పని మొదలుపెడితే మూన్నాళ్ల ముచ్చట అవుతుందని వారి మాతృమూర్తి గుమ్మానికి అడ్డం నిలబడ్డారట. ఆ మూన్నాళ్ల ముచ్చట ముప్ఫైమూడు సంవత్సరాలు నిరాఘాటంగా సాగి, ఈ విశ్వావసు నామ సంవత్సరంలో మళ్లీ ఆషాఢంలోనే, రానున్న శనివారంతో పరిసమాప్తం కానున్నది. వారితో పాతికేళ్లు ఒకే కప్పు కింద మసలి, వారు కట్టే కట్లకు మందు కలిపి అందించిన కాంపౌండరు అప్పాజీ ఈ అభినందన వ్యాసానికి కర్త. తన ప్రస్తావన తాను తెచ్చుకోవడం ఇటువంటి సంచికలలో మర్యాద కాదు గనుక, వ్యాసకర్త ఇకమీదట అవసరమైన చోట, అదీ తప్పు ఒప్పుకోవలసిన చోట మాత్రమే కనబడతాడు.

ఆనాటి ఆసుపత్రి అంటే ఈ పెంకుటిల్లు కాదు. కాలువ గట్టు మీద తాటాకుల పాక, నాలుగు నులకమంచాలు, ఒక మందుల బీరువా. బీరువాకు తాళం లేదు. మందుల చేదే దానికి కాపలా. పాలకొల్లు వైపు నుంచి వచ్చే పడవలు రేవులో ఆగినప్పుడు సరంగులు వేసే కేకలే మనకు గడియారం. ఇప్పుడు గోడ గడియారం వచ్చింది, గంట గంటకూ నిక్కచ్చిగా కొడుతున్నది, కానీ ఆ కేకలు విని పని మొదలుపెట్టిన వారికి ఈ గంటలో కాలం తెలియదు. పాక చూరుకు గుడ్డపీలికలు ఆరవేసి, గాలికి అవి కొట్టుకుంటుంటే వాటి కింద కూర్చుని కట్టుగుడ్డలు చుట్టలుగా చుట్టే పల్లంరాజు గారి రూపం పాతవారి కళ్లలో ఇంకా కదలాడుతూనే ఉంటుంది.

వారు జన్మతః సముద్రపు ఒడ్డు పాలెం వారు. తాత తండ్రులు వల తప్ప వేరు విద్య ఎరుగరు. ఉప్పు కొఠారులో గుమాస్తాగా ఉండిన ఒక పుణ్యాత్ముడికి చేపలిచ్చి అక్షరాలు తెచ్చుకున్నారు. "నాకు గుణింతం పట్టుబడేసరికి మా అయ్య తట్ట ఖాళీ అయిపోయిందండి" అని వారే చెప్పి నవ్వేవారు. వల అల్లిన వేళ్లు కావడం చేత కట్టు కట్టడంలో వారికి అబ్బిన హస్తలాఘవం మరొకరికి అబ్బలేదు. నాలుగేళ్లు తిరగకుండానే 1876లో డ్రెస్సరుగా, అనగా గాయాలు కడిగి కట్లు కట్టే ఉద్యోగిగా, నియమితులైనారు. ఆ ఏడే ధాత కరువు. గోదావరి నీళ్లున్న సీమ అని విని ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చిన జనం పుండ్లు పడిన పాదాలతో మన పాక ముందు వరుస కట్టినప్పుడు, ఆ పాదాలన్నింటినీ ఒడిలో పెట్టుకుని కడిగినవారు వారే.

వారి కులం తలచుకుని చెయ్యి తగలనివ్వని వారు కూడా లేకపోలేదు. అమ్మిరాజు గారనే భూస్వామి కొడవలికి తెగిన కాలితో వచ్చి, తనను ముట్టుకోకుండా కట్టు కట్టమని ఆజ్ఞాపించారు. పల్లంరాజు గారు ఎంతో వినయంగా రెండడుగులు వెనక్కి వేసి, గుడ్డచుట్ట చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "ఆయ్, అలాగేనండి. ఇక్కణ్ణుంచి విసురుతాను, తమ కాలే వచ్చి చుట్టుకోవాలండి" అన్నారు. అమ్మిరాజు గారికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియక, చివరకు నవ్వే వచ్చింది. తరువాత పదేళ్లు ఆ ఇంట్లో ఎవరికి ముల్లు గుచ్చుకున్నా పల్లంరాజు గారి కోసమే బండి వచ్చేది.

ఇంతవరకు రాసినది ఏ మంచి ఉద్యోగిని గురించి అయినా రాయదగినదే. వారిని పల్లంరాజు గారిని చేసిన సంగతి వేరే ఉంది. అది వారు చేసిన ఒక పొరపాటుతో మొదలవుతుంది. అభినందన సంచికలో పొరపాటు ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. వారి అనుమతితోనే, నిజానికి వారి పట్టుదల మీదనే, రాస్తున్నాము.

1881వ సంవత్సరం వేసవిలో చిట్టియ్య అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు ముంజేతి మీద గాయంతో వచ్చాడు. పల్లంరాజు గారి సొంత పాలెం వాడే. పడవ సత్తియ్య ఏకైక పుత్రుడు. తల్లి పోయి అప్పటికి ఏడాది కాలేదు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుందని చెప్పాడు. ఆసుపత్రి పుస్తకంలో కారణం అనే గడి ఒకటుంది; వ్యాసకర్త ఆ గడిలో జెల్ల ముల్లు అనే రాశాడు. రెండు వారాలకు పిల్లవాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ జెల్ల ముల్లే అన్నాడు. మూడోసారికి పల్లంరాజు గారు గాయం కడుగుతూ కడుగుతూ ఆగిపోయారు.

"చేపలోళ్ల ఇంట పుట్టినోడికి జెల్ల ముల్లు గురించి చెబుతావట్రా? అది అరచేతిలో దిగుద్ది. చెయ్యి మద్దెలలా వాచుద్ది. ఇది ముల్లు కాదు. నువ్వే చేసుకున్నావు కదూ?"

పిల్లవాడు తల వంచుకున్నాడు.

అప్పుడు మనమందరం తలా ఒక కారణం చెప్పాము. అప్పటి డాక్టరు గారు మతిభ్రమణం అన్నారు. సత్తియ్య పని ఎగ్గొట్టే ఎత్తు అన్నాడు. దండించేవారు లేక వచ్చిన పొగరు అని వ్యాసకర్త అన్నాడు. ఒక్కరమైనా పిల్లవాడి జవాబు కోసం ఆగలేదు. పల్లంరాజు గారు మాత్రం మంచి మనసుతో, తమ పాలెంలో తరతరాలుగా తెలిసిన మందే వేశారు. పిల్లవాణ్ణి రేవుకు తీసుకువెళ్లి, తండ్రి పడవ మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించారు. ఇంకెప్పుడూ చేసుకోనని, చేసుకుంటే అయ్య పడవ తిరిగి రాదని. సముద్రం మీద బతికేవారికి అంతకు మించిన ఒట్టు లేదు. సత్తియ్య సంతోషించాడు. పల్లంరాజు గారు తేలికపడిన మనసుతో తిరిగి వచ్చి, "కుదిరిపోయిందండి" అన్నారు. చిట్టియ్య ఆ తరువాత నాలుగైదు నెలలపాటు ఆసుపత్రికి రాలేదు. రాకపోవడమే నయం కావడమని మనం భ్రమపడ్డాము.

కార్తీకంలో అతణ్ణి మంచం మీద మోసుకువచ్చారు. ఒళ్లు నిప్పుల కుంపటి. గాయం విషమించి ఎన్నాళ్లయిందో, చొక్కా కింద దాచి దాచి చెయ్యి నల్లబడిపోయింది. కాలువ పడవలో రాజమహేంద్రవరం పెద్దాసుపత్రికి తీసుకువెళితే, ప్రాణం దక్కాలంటే మోచేతి వరకు తీసివేయక తప్పదన్నారు. పల్లంరాజు గారు సెలవు పెట్టి వెంట వెళ్లి, తీసివేసినప్పుడూ పక్కనే ఉన్నారు. మత్తు దిగిన పిల్లవాడు చెయ్యి సంగతి అడగలేదు. "అయ్య పడవ వచ్చిందాండి?" అని అడిగాడు.

వచ్చిందని చెబితే నమ్మలేదు. సత్తియ్య స్వయంగా వచ్చి ఎదురుగా నిలబడితే అప్పుడు గొల్లుమన్నాడు. "ఒట్టు తప్పానండి. ఆసుపత్రికొస్తే తప్పానని తెలిసిపోద్ది. తెలిసిపోతే పడవ మునిగిపోద్దని రాలేదండి."

ఆ పిల్లవాడు తన చెయ్యి ఇచ్చి తండ్రి పడవను కాచుకున్నాడు. ఒట్టు అతని గాయాన్ని మాన్పలేదు. గాయం చూపించుకోగల ఒకే ఒక గుమ్మాన్ని మూసివేసింది. ఆ గుమ్మం మూసిన చెయ్యి తమదేనని పల్లంరాజు గారు అక్కడే, ఆ మంచం పక్కనే తెలుసుకున్నారు.

మిగిలిన సెలవు రోజులన్నీ వారు ఆ మంచం దగ్గరే కూర్చున్నారు. ఎందుకు చేశావని అడగలేదు. ఆ ప్రశ్న అప్పటికే అందరూ అడిగారు, అడిగిన ప్రతివారూ జవాబు తామే చెప్పుకున్నారు. వారు అడిగింది వేరు. "ముందు ఎలా ఉండేదిరా? తరవాత ఎలా ఉండేది?"

చిట్టియ్య పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ముందేమో లోపల గోలగోలగా ఉండేదండి. అమ్మ పోయిన కాడ్నించీ. ఎవరికీ వినపడదు, నాకే. చేసుకుంటే కాసేపు ఆగేదండి. చావాలని మాత్రం కాదండి. తరవాత సిగ్గేసేది. మళ్లీ గోల మొదలయ్యేది, ఈసారి సిగ్గు కూడా తోడు."

గోల ఆగడానికి వేరే దారి తెలియని పిల్లవాడి దగ్గర ఉన్న ఒక్క దారీ లాక్కుని, దానికి బదులు ఏమీ ఇవ్వలేదని పల్లంరాజు గారు తిరిగి వచ్చాక వ్యాసకర్తతో అన్నారు. ఆ తరువాత వారు ఏ పిల్ల చేతా, ఏ పిల్లవాడి చేతా ఒట్టు వేయించలేదు. తమ సొంత బిడ్డల చేత సైతం వేయించలేదని వారి ధర్మపత్ని శ్రీమతి అప్పాయమ్మ గారు నేటికీ ఫిర్యాదు చేస్తారు. చిట్టియ్యను తీసుకువచ్చి మన ఆసుపత్రిలోనే నీళ్ల నౌకరుగా చేర్పించారు. ఒంటి చేత్తో కావడి మోయగలడా అని నవ్విన వారికి అతడు ఇరవైమూడేళ్లుగా బానలు నింపి జవాబు చెబుతున్నాడు.

ఆ పాఠం పరీక్షకు వచ్చింది పదిహేనేళ్ల తరువాత, 1896లో.

లోవలక్ష్మి కూడా ఆ సముద్రపు ఒడ్డు పాలెం పిల్లే; అప్పటికి పదిహేనేళ్లు. తల్లీ తండ్రీ లేరు. నాయనమ్మ పెద్దింట్లమ్మ చేపలమ్మి మనవరాలినీ, మనవడు భీమరాజునూ పెంచింది. ముందటి ఏడు భీమరాజు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవ చెక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకువచ్చింది, మనిషి రాలేదు. ఆ పాలెంలో కొన్ని ఇళ్లలో ఒక పట్టింపు ఉండేది. శవం దొరకని మనిషి కోసం ఏడవకూడదు. ఏడిస్తే పోయినట్టు ఒప్పుకున్నట్టే, రావలసినవాడు కూడా రాడు. పెద్దింట్లమ్మ ఆ పట్టింపును అక్షరాలా పాటించింది. పూటపూటా మనవడికి కంచం పెట్టేది. ఇంట్లో అతని పేరు ఎత్తనిచ్చేది కాదు. మనవరాలి కంట తడి కనబడితే కసిరేది. ఏడాది గడిచింది. ఆ పిల్ల ఏడవలేదు.

ఆమె మన ఆసుపత్రికి వచ్చి ముంజేయి చాపినప్పుడు, ఆల్చిప్ప గీరుకుందని చెప్పింది. పల్లంరాజు గారికి ఆల్చిప్ప గాయమూ తెలుసు, ఆ ఇంటి సంగతీ తెలుసు. ఏమీ అనలేదు. గాయం కడిగి కార్బాలిక్ నూనె రాశారు. ఆ నూనె కొంచెం మండుతుంది. పిల్ల పెదవి వణికింది.

"మందు మండుద్ది తల్లీ. ఏడుపొస్తే ఆపుకోకు. ఈ బల్ల మీద కూర్చున్నోళ్లంతా ఏడిచినోళ్లే. మొన్న మునసబు గారు కూడా ఏడిచారు."

అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందంటే, బయట వరుసలో నిలబడినవారిలో, లోపల చెయ్యి కోస్తున్నారనుకుని ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు. ఆ మందు అంత మండదని దాన్ని కలిపిన వ్యాసకర్తకు తెలుసు. ఏడుపు ఆగాక పల్లంరాజు గారు నిదానంగా కట్టు కట్టి, "రేపు కూడా రా అమ్మా, మార్చాలి" అన్నారు.

రోజూ రెండు కోసులు నడిచి వచ్చేది. పది రోజులకు గాయం మానింది. ఆ ఉదయం పల్లంరాజు గారు మందుల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"అప్పాజీ గారూ, రేపట్నుంచి లోవలక్ష్మికి కార్బాలిక్ వద్దండి. కొత్త చర్మం మీద మంచిది కాదు. ఉత్త కొబ్బరినూనె పొయ్యండి. సీసా మాత్రం అదే ఉంచండి."

"మానిపోయింది కదండీ, ఇంకా కట్టెందుకండీ?"

"పైది మానిందండి" అన్నారు వారు.

అలా మానిన చేతికి కట్టు, మండని మందుకు కన్నీళ్లు. పల్లంరాజు గారు ప్రతిరోజూ "కాస్త మండుద్ది, ఓర్చుకో" అనేవారు. ఆ పిల్ల ప్రతిరోజూ ఏడ్చేది. మధ్యలో వారు వల చిక్కుల గురించో, చేపల ధర గురించో ఏదో ఒకటి మాట్లాడేవారు. పదిహేడో రోజున ఆమె నోట అన్న పేరు వచ్చింది. ఎలా ఉండేవాడమ్మా అని అడిగారు. "వేటకెళ్లేవాడై ఉండి పీతలంటే భయమండి. పీత కనబడితే పడవలో కాళ్లు పైకెట్టుకునేవాడు" అని చెబుతూ నవ్వి, నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది.

అయిదో వారంలో జిల్లా సర్జన్ దొరగారు తనిఖీకి వచ్చారు. బల్ల మీద కూర్చున్న లోవలక్ష్మి కట్టు విప్పించి చూస్తే కింద గాయం లేదు. పాత గీతల మచ్చలు మాత్రం ఉన్నాయి. వాటి వరుస చూసి వారికి అనుమానం కలిగింది. మన డాక్టరు గారిని ఇంగ్లీషులో గట్టిగా నాలుగు మాటలు అడిగారు. ఆత్మహత్యాయత్నం పీనల్ కోడులో నేరం. తెలిసి పోలీసు ఠాణాకు తెలియజేయకపోవడం ఆసుపత్రి తప్పు. రిపోర్టు రాయమని వెంటనే ఉత్తర్వు అయింది. చిత్తుప్రతి రాసింది ఈ వ్యాసకర్తే. చేతిరాత బాగుంటుందని వాడికి పేరు. ఆ కాగితం ఠాణా చేరితే ఆ పిల్ల మేజిస్ట్రేటు ముందు నిలబడాలి, పాలెం అంతా చూస్తుండగా. అదంతా తెలిసి కూడా చెయ్యి ఆగలేదు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

పల్లంరాజు గారు చేతులు కట్టుకుని ముందుకు వచ్చారు. ముప్ఫైమూడేళ్లలో వారు పై అధికారి మాటకు అడ్డం వచ్చింది ఆ ఒక్కసారే.

"అయ్యా, చావాలనుకున్న మనిషి కట్టు మార్పించుకోడానికి రోజూ రెండు కోసులు నడిచొచ్చుద్దాండి? ఈ పిల్ల చావడానికి చేసుకోలేదండి. బతకడం ఎలాగో తెలీక చేసుకుంది. ఆ రెండూ ఒకటి కాదండి."

డాక్టరు గారు ఆ మాటలు దొరగారికి అనువదించారు. దొరగారు కొంత మెత్తబడ్డారు. మన డాక్టరు గారు స్వతహాగా దయాళువు. తప్పించుకునే ఒక దారి చూపారు. "సరే, ఇంకెప్పుడూ ఇలా చేయనని ఆ పిల్ల చేత దేవుడి మీద ప్రమాణం చేయించు. నువ్వు సాక్షి సంతకం పెట్టు. రిపోర్టు ఆపుతాను."

గదిలో అందరం హమ్మయ్య అనుకున్నాము. ఎంత సులువు! ఒక్క మాట, ఒక్క సంతకం. లోవలక్ష్మి సైతం తల ఊపడానికి సిద్ధంగా ఉంది. పల్లంరాజు గారు మాత్రం కదలలేదు. అప్పుడే చిట్టియ్య బానలో నీళ్లు పోయడానికి కావడితో లోపలికి వచ్చాడు. వారు అతణ్ణి చూశారు, ఖాళీగా వేలాడుతున్న ఆ చొక్కా చేతిని చూశారు.

"వద్దండి. ఒకసారి వేయించానండి ఒట్టు. అదిగో, దాని ఖరీదు. ఈ పిల్ల మళ్లీ చేసుకోదని నేను చెప్పలేనండి. చేసుకుంటే మాత్రం తెల్లారేసరికి ఈ బల్ల మీదకొచ్చి చెయ్యి చాపాలండి. ఒట్టేస్తే రాదండి. దాచుకుంటాది. తమకు ప్రమాణమే కావాలంటే నేను చేస్తానండి. ఈ పిల్ల ఎన్నాళ్లొస్తే అన్నాళ్లు నేను కట్టు కడతాను. ఇది నా ఒట్టు."

దొరగారు చిట్టియ్యను దగ్గరకు పిలిచి, ఆ చెయ్యి సంగతి అడిగారు. చిట్టియ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తరువాత దొరగారు టోపీ తీసుకుని, గుడ్డ వృథా చేసినందుకు డ్రెస్సరుకు మందలింపు అని తనిఖీ పుస్తకంలో రాసి, రిపోర్టు మాట ఎత్తకుండా వెళ్లిపోయారు. చిత్తుప్రతిని వ్యాసకర్త పొయ్యిలో వేశాడు. జీవితంలో అతడు రాసిన గుండ్రని అక్షరాలలో తగలబడవలసినవి అవే.

కథ అక్కడితో సుఖాంతమైందని రాయాలని ఉంది గాని, పల్లంరాజు గారు ఒప్పుకోరు. రెండు నెలలకు లోవలక్ష్మి మళ్లీ చేసుకుంది. కానీ మర్నాడు పొద్దున్నే, మనం తలుపులు తీయకముందే, వచ్చి మెట్ల మీద కూర్చుంది. వారిని చూడగానే లేచి, "మళ్లీ చేశానండి" అంది. "వచ్చావుగా. లోపలికి రా" అన్నారు వారు. వారి ముఖంలో ఆనాడు కనబడినంత సంతోషం ఏ పదోన్నతి నాడూ కనబడలేదు. ఆ తరువాత ఒకసారి ఎప్పుడో, ఆ పైన ఇక లేదు.

మరొక సంగతి. ఆ శీతకాలంలో ఒకనాడు ముసలి పెద్దింట్లమ్మే వచ్చింది. చేపల కత్తి తగిలిందని చూపుడు వేలు చూపించింది. వెతికితే గాని కనబడనంత చిన్న గీత. బల్ల మీద కూర్చుని కాసేపు అటూ ఇటూ చూసి, "మా పిల్లకి రాసే ఆ మండే మందేదో, నాకూ రాయి నాయనా" అంది. పల్లంరాజు గారు సీసా తెచ్చారు. గుడ్డ తడిపి వేలి మీద అద్దారు. "కాస్త మండుద్దమ్మా" అన్నారు. ఆ ముసలమ్మ భీమరాజు పేరు పెట్టి పిలిచి, ఏడాదిన్నర ఏడుపూ ఏడ్చింది. లోవలక్ష్మి పక్కన కూర్చుని నాయనమ్మ భుజం పట్టుకుంది. ఆ రాత్రి నుంచి ఆ ఇంట్లో రెండు కంచాలే పెట్టారు.

1897 నుంచి నేటి వరకు పల్లంరాజు గారి ఉద్యోగ జీవితం ప్రశాంతంగా నడిచింది. హెడ్ డ్రెస్సరు అయినారు. కొత్త భవనం వచ్చింది. పాత బల్ల పారవేస్తామంటే దాన్ని తమ గదిలోకి మోయించుకున్నారు. అటువంటి పిల్లలు, రైతుల ఇళ్ల వారూ, చేపల వారూ, మరో పదకొండు మంది ఆ బల్ల మీద కూర్చున్నారు. వారి పేర్లు ఇక్కడ రాయము. పుస్తకంలో కారణం అనే గడి వచ్చినప్పుడల్లా వ్యాసకర్త కలం పట్టుకుని పల్లంరాజు గారి వైపు చూసేవాడు, వారు ఒకే మాట చెప్పేవారు: "ఇంకా చెప్పలేదు, రేపు వస్తారు అని రాయండి." ఆ గడులు నేటికీ అలాగే ఉన్నాయి. చూసిన ప్రతి అధికారీ అవి అసంపూర్ణం అని ఎర్రసిరాతో గీశారు. మనకు తెలిసి ఆ పుస్తకంలో నిజం రాసినవి ఆ గడులే.

ఈ సంచిక తలపెట్టినప్పుడు, పేర్లు రాయవచ్చునా అని అడగడానికి వ్యాసకర్త కిందటి వారం పాలెం వెళ్లాడు. చిట్టియ్య వెంటనే సరేనన్నాడు. లోవలక్ష్మి ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. చేపల తట్ట దింపి, చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"రాయండి. దాచుకోడం ఇంక నా వల్ల కాదండి. మా నాయనమ్మ ఉంటే తనూ రాయమనేది."

వ్యాసకర్తకు తొమ్మిదేళ్లుగా మనసులో మెదులుతున్న మాట ఒకటుంది. ఇక దాచడమెందుకని చెప్పేశాడు. "అమ్మా, పదకొండో రోజు నుంచి నీకు రాసింది మందు కాదమ్మా. ఉత్త కొబ్బరినూనె. నేనే పోశాను."

లోవలక్ష్మి ఫక్కున నవ్వింది. "అయ్యో కాంపౌండరు గారూ! కొబ్బరినూనె వాసన గోదారోళ్లకి తెలీదేంటండీ? చంటిపిల్లకైనా తెలుసు. నాకు మొదటి రోజే తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే రేపు రమ్మనరు కదండీ" అంది.

పదిహేనేళ్ల పిల్లా, నలభై ఆరేళ్ల డ్రెస్సరూ ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ, ఒక అబద్ధాన్ని అంత జాగ్రత్తగా, ఇద్దరూ చెరో కొస పట్టుకుని మోశారని ఆ క్షణాన తెలిసినప్పుడు, వ్యాసకర్త కళ్లు తడి అయినాయి. ఈసారి ఏ మందూ లేదు.

అక్కడి నుంచి పల్లంరాజు గారి ఇంటికి వెళితే అప్పాయమ్మ గారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "శనివారం నుంచి ఆసుపత్రి గడప తొక్కనని వీరి చేత ఒట్టు వేయించండి అప్పాజీ గారూ. మోకాళ్ల నొప్పులు. మీ మాటైతే వింటారు." పల్లంరాజు గారు అరుగు మీద కూర్చుని, ఎప్పటిలాగే పాతగుడ్డ చింపి చుట్టలు చుడుతున్నారు. తల ఎత్తలేదు గాని, మీసం కింద నవ్వు దాగలేదు. అమ్మా, ఒట్టు విషయంలో మాత్రం మేమెవరమూ మీకు సాయపడలేము, క్షమించండి.

ఇక ఆశీర్వచనం రాయవలసిన చోటు వచ్చింది. శతమానం భవతి అని పెద్దలు అంటారు. ఆ మాట మేమూ హృదయపూర్వకంగా అంటున్నాము. ఆయురారోగ్యాలతో, అప్పాయమ్మ గారి సాహచర్యంలో, మోకాళ్ల నొప్పులు తగ్గి, వారు చిరకాలం వర్ధిల్లాలని ఆసుపత్రి సిబ్బంది యావన్మందీ కోరుకుంటున్నాము. అయితే సిబ్బంది కాని ఒక మనిషి కోరిక కూడా ఇందులో చేర్చవలసి ఉన్నది. ఆనాడు లోవలక్ష్మి దగ్గర సెలవు తీసుకుంటూ, నీ తరఫున ఏం రాయమంటావమ్మా, నూరేళ్లు బతకమని రాయనా అని వ్యాసకర్త అడిగాడు.

ఆమె తట్ట నెత్తికెత్తుకుంటూ తల అడ్డంగా ఊపింది. "నూరేళ్లంటే చాలా పెద్ద మాటండి. నాకు అప్పట్లో అంత దూరం కనపడేది కాదు. ఒక్కరోజే కనపడేది. ఆయన నాకు చెప్పిందే రాయండి."

పల్లంరాజు గారూ, రేపు కూడా రండి.